జన్యు పేజీకి చప్పట్లు

ఓడ వెళ్ళిన 219వ రోజు

ఈ పుస్తకం రాయమని నాకు అంటగట్టినవాడు కనకరత్నం. మా తెప్పకి పెద్ద. పోయిన మా ఆయనకి స్నేహితుడు కాబట్టి నన్ను వదినగారూ అంటాడు. "నలభై నాలుగేళ్ళు రిజిస్ట్రారుగా చేశారు వదినగారూ, ఇప్పుడు ఖాళీయే కదా, రోజూ నాలుగు ముక్కలు రాయండి, ముందు తరాలకి పనికొస్తుంది" అన్నాడు. ముందు తరాల సంగతి నాకు తెలీదు. ఈ తెప్పలో ఖాళీగా ఉన్న మనిషి ఒక్కడే. పెద్ద కుర్చీలో కూర్చుని ఊళ్ళోవాళ్ళకి పనులు కనిపెడుతుంటాడు.

సరే. పేరు వకుళ. వయసు డెబ్బై నాలుగు. బరువు నలభై తొమ్మిది కిలోలు. ఇక్కడ పేరు కన్నా ముందు బరువు అడుగుతారు. శుక్రుడి మబ్బుల మీద తేలే తెప్ప ఇది, నాలుగువందల పన్నెండు మందిని మోస్తుంది. నాలుగువందల పదమూడో మనిషిని మోయదు.

ఇవాళ పులుపు డ్యూటీ మా ఇంటిది. మబ్బుల్లో ఉండే ఆసిడ్ కిటికీ అంచులకి పట్టుకుంటుంది, దాన్ని పులుపు అంటాం. సోడా నీళ్ళలో గుడ్డ ముంచి తుడవాలి. మా అమ్మాయి హిమజకి తోట గదిలో పని, అల్లుడు శామ్యూల్ ఆరు రోజుల షిఫ్టుకి కింది ఇంజన్ల దగ్గరికి పోయాడు. అందుకని కిటికీలు నావి, బకెట్టు భానుది. భాను మా మనవరాలు. ఆరేళ్ళు, పద్దెనిమిది కిలోలు, అందులో సగం నోరు.

నెల కిందట బళ్ళో ఫిట్స్ వచ్చి పడిపోయింది. పన్నెండు రోజులుగా మందు వేస్తున్నాం. వేస్తున్నాం అంటే, కాంపౌండరు వేస్తోంది. ఆస్పత్రి గోడలో ఉన్న మందుల మిషన్‌ని మేం అలాగే పిలుస్తాం. నంబరు చెబితే ఫైలు చూసుకుని అరచేతిలో మాత్ర రాలుస్తుంది, మింగేదాకా చూస్తుంది, థాంక్స్ చెబుతుంది. మనిషి కాంపౌండరయితే కనీసం మొహం ఎందుకలా ఉందని అడిగేవాడు.

ఎందుకంటే పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సోడా పడింది అమ్మమ్మా" అంది.

నేనూ సోడా అనే అనుకున్నాను. రాసి పెడుతున్నాను, నా మొదటి పొరపాటు కింద.


220వ రోజు

పొద్దున్నే జ్వరం. గొంతు మంటట. గోంగూర పచ్చడి ముట్టుకోలేదు. ఈ పిల్ల తోట గదిలోకి పోయి పచ్చి ఆకే నమిలే రకం.

హిమజ కాంపౌండరు దగ్గరికి తీసుకుపోయి వచ్చింది. "వైరల్ జ్వరమట అమ్మా. ఫిట్స్ మాత్ర మాత్రం ఆపొద్దంది. ఆపితే మళ్ళీ వస్తాయట."

"డాక్టరేమన్నాడు?"

"ఫిరోజ్ కూడా అదే అన్నాడు. కాంపౌండరు చెప్పిందే కదా ఆయనా చెప్పేది."

"అయితే ఇద్దరెందుకు? ఒకరి గాలి మిగుల్చుకోవచ్చుగా."

"నీకు అందరితోనూ పోట్లాటే."

అందరితో కాదు. ఈ పూట ఓపిక లేదు, లేకపోతే లిస్టు రాసేదాన్ని. పిల్ల పక్కన కూర్చున్నాను. దుప్పటి కప్పబోతే "వద్దు, గుచ్చుకుంటోంది" అంది. ఒంటిమీద చూస్తే నాలుగైదు మచ్చలు, అంతే. ఆ మచ్చలకి అంత నొప్పి ఉండకూడదు. కనిపించేది కొంచెం, నొప్పి చాలా. ఇది నాకు నచ్చలేదు.


221వ రోజు

వరసగా రాస్తాను. 

పొద్దున పిల్ల పెదవులు పొక్కి అతుక్కుపోయాయి. నోట్లో పుళ్ళు. ఛాతీ మీద మచ్చలు నల్లబడి ఒకదానిలో ఒకటి కలుస్తున్నాయి. చెమట పట్టిన గౌను మారుద్దామని భుజం పట్టుకున్నాను. నా బొటనవేలి కింద చర్మం జరిగింది. తడిసిన కాగితం మీద పైపొర జరిగినట్టు.

ఇది నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. భూమ్మీద, నా పద్నాలుగో ఏట, హాస్టల్లో. నా పక్క మంచం పిల్ల, నిర్మల. జ్వరమని ఏదో మందు వేశారు, రెండో వారంలో కళ్ళు ఎర్రబడ్డాయి, నాలుగో రోజుకి దిండుగలీబుకి ఆ పిల్ల బుగ్గ అంటుకుపోయి వచ్చింది. తట్టు అన్నారు, అమ్మవారన్నారు, మందు మాత్రం వేస్తూనే పోయారు. తర్వాత ఎవరో పెద్ద డాక్టరు వచ్చి, వెయ్యిమందిలో, పదివేలమందిలో ఒకరికి మందే ఇలా ఒంటి మీద తిరగబడుతుందని, కొందరికి ఆ గుణం పుట్టుకతోనే వస్తుందని చెప్పాడు. అప్పటికి ఆలస్యమైంది. నిర్మల బతికింది, చూపు పోయింది.

ఎనిమిదింటికి మాత్ర వేళ. హిమజ పిల్లని ఎత్తుకుని తీసుకుపోయింది, వెనక నేను. "ఎనభై ఎనిమిది" అని నంబరు చెప్పగానే మాత్ర రాలింది. నేను దాన్ని తీసి నా జాకెట్లో వేసుకున్నాను.

"అమ్మా! ఏంటి నువ్వు చేస్తున్నది?"

"ఈ మాత్ర పిల్ల నోట్లోకి పోదు. ఇవాళ పోదు, ఎప్పటికీ పోదు."

కాంపౌండరు ఒకటే గంట కొట్టడం మొదలుపెట్టింది. మందు మింగకపోతే పెద్దకీ డాక్టరుకీ కబురుపోతుంది, అది దాని చాదస్తం. ఫిరోజ్ పరిగెత్తుకొచ్చాడు. ముప్పై ఒక్కేళ్ళవాడు, ఇక్కడే పుట్టాడు, భూమి పాఠాలు చూసి డాక్టరయ్యాడు. మంచి పిల్లాడు. పుస్తకంలో లేని జబ్బు చూడలేదు, పుస్తకంలో ఉన్నవాటిలోనూ సగం చూడలేదు. నాలుగువందల మందిలో ఎన్ని వస్తాయి పాపం.

"వకుళమ్మగారూ, మాత్ర ఇటివ్వండి."

"ముందు నువ్వు పిల్ల భుజం చూడు. గట్టిగా పట్టుకోకు."

చూశాడు. రంగు మారింది. పిల్లది కాదు, అతనిది. జబ్బు పేరు అతనే చెప్పాడు, ఇద్దరు దొరల పేర్లు కలిపి. పేరు తెలుసు, మొహం ఇప్పుడే చూస్తున్నాడు.

"కానీ... ఆ జబ్బు రావడానికి లేదండీ" అన్నాడు. "ఈ మందుకి అలా తిరగబడే గుణం జన్యువుల్లో ఉందా లేదా అని ముందే చూస్తాం. ఎనభై ఎనిమిది జన్యు పేజీలో లేదు అనే ఉంది. చూడండి, ఇక్కడ."

తెర మీద చూపించాడు. జన్యు పేజీ, ఒకటే గడి, ముద్ర వేసి ఉంది. ఏ మందూ పడకపోవడం లేదు. తేదీ చూశాను.

"నాయనా ఫిరోజ్, ఈ పరీక్ష ఎప్పుడు చేశారు?"

"యాభై రెండేళ్ళ..." అని ఆగిపోయాడు.

"భానుకి ఎన్నేళ్ళు?"

తేదీ మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు. 

ఇది చదివేవాళ్ళు ముందు తరాలయితే, ఎనభై ఎనిమిది అంటే ఏమిటో తెలియాలి. ఇక్కడ ఒకరు పోతేనే ఒకరు పుట్టాలి. పోయినవాళ్ళ నంబరు పుట్టిన బిడ్డకి కడతాం. దాంతోపాటు గాలి వాటా, పక్క, వీలయితే పేరు కూడా. ఎనభై ఎనిమిది మా ఆయన భానుమూర్తిది. ఆయన పోయిన ఏడాదికి పుట్టింది కాబట్టి ఇది భాను. నంబరు కట్టేరోజు బిడ్డని తూకం బల్ల మీద పడుకోబెట్టి, ఊరందరి ముందు పోయినవారి ఫైలు పేజీ పేజీ చదువుతాం. బరువులు చదువుతుంటే నవ్వుకుంటారు, పళ్ళ పేజీకి ఇంకా నవ్వుకుంటారు. చివర జన్యు పేజీ. "ఏ మందూ పడకపోవడం లేదు" అని చదవగానే చప్పట్లు. ఎప్పుడు మొదలయ్యిందో, ఎవరు మొదలుపెట్టారో, అది బిడ్డకి దీవెన అయి కూర్చుంది. దీవించి పంపేసిన పేజీని మళ్ళీ ఎవరు పరీక్ష చేస్తారు?

తక్కిన పేజీలన్నిటిలో కింద ఖాళీ గళ్ళున్నాయి. కొత్త బరువు, కొత్త రక్తం గ్రూపు, కొత్త పళ్ళు, అన్నీ కిందే రాశాం. జన్యు పేజీకి ఒకటే గడి. రాయడానికి చోటు లేదు కాబట్టి గుమాస్తా పేజీ తిప్పేసింది. ఆ గుమాస్తా నేనే. ఫైళ్ళలో ఖాళీ కనపడలేదు కాబట్టి భూమివాళ్ళు మళ్ళీ పరీక్ష కిట్లు పంపలేదు. మొదటి ఓడలో మనిషికొకటి వచ్చినవే, అయిపోయాయి.

చనిపోయినవారి ఫైలు మూయరాదు, కొత్తవారి వివరాలు అందులోనే చేర్చవలెను. ఆర్డరు నంబరు ముప్పై ఒకటి. కింద సంతకం నాది. తెప్ప మీద మొదట పోయింది ఒక పన్నెండేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ నా బల్ల దగ్గర నిలబడి, "మా పిల్ల పేరు కొట్టెయ్యకండమ్మా" అంది. అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు, మనసు మెత్తన. మనసు తర్వాత సరిచేసుకున్నాను. ఆర్డరు సరిచెయ్యలేదు.


అదే రోజు, సాయంత్రం

భాను ఒంట్లో మనది ఎంత, మా వియ్యపురాలు ఎస్తేరమ్మది ఎంత అని లెక్క వేశాను. మా ఆయన పేజీలో లేదు, నా పేజీలో లేదు. కాబట్టి హిమజ దారిన రాలేదు. శామ్యూల్ ఇక్కడే పుట్టినవాడు, అతని పేజీ కూడా ఎవరిదో. కానీ వాళ్ళమ్మ ఎస్తేరమ్మ నాతోపాటు మొదటి ఓడలో వచ్చింది. ఆమె పేజీ నిజంగా ఆమెదే. తీసి చూస్తే, ఉంది. ఈ మందు ఈమెకి ఇవ్వరాదు అని ఎర్రగా రాసి ఉంది. తల్లి నుంచి కొడుక్కి రావడానికి సగం అవకాశం, కొడుకు నుంచి పిల్లకి మళ్ళీ సగం. రెండుసార్లూ వచ్చినట్టుంది. ఎస్తేరమ్మ నంబరు, తొంభై ఎనిమిది, ఇప్పుడు ప్రసాదరావు కొడుకు దగ్గర ఉంది, ఆ పిల్లాడికేమో కాంపౌండరు పంటినొప్పి వచ్చినా వెయ్యి ప్రశ్నలు వేస్తోంది.

మాత్ర ఆపడం తేలిక, జాకెట్లో వేసుకుంటే అయిపోయింది. తర్వాతి పని ఇంకా ఉంది. పిల్లని కాలిన గాయాల గదిలో పెట్టాలి. అక్కడ వేడి గాలి, ఉడకబెట్టిన నీళ్ళు, అంటుకోని గుడ్డలు ఉంటాయి. ఆ గదికి మూడింతల గాలి పడుతుంది, కాబట్టి కాంపౌండరు జబ్బు పేరు ఒప్పుకుంటేగాని తలుపు తీయదు. ఫైలు ప్రకారం ఎనభై ఎనిమిదికి ఆ జబ్బు రాదు, కాబట్టి ఒప్పుకోదు. ఫిట్స్‌కి వేరే మందు అడిగితే ఇంకో మాత్ర రాల్చింది. ఫిరోజ్ దాన్ని చూసి నేల మీద విసిరికొట్టాడు. "ఇదీ ఆ మందుల కుటుంబందే. అది పడనివాళ్ళకి ఇదీ పడకపోవచ్చు." పిల్లాడికి కోపం రావడం చూడటం ఇదే మొదటిసారి. బాగుంది.

భూమిని అడుగుదామంటే, భూమి సూర్యుడి వెనక ఉంది. ఇంకో పదిహేడు రోజులు కబురు పోదు, రాదు.

మిగిలింది ఒకటే. పేజీ అబద్ధమని ఊరందరి సభ ఒప్పుకోవాలి. అప్పుడు కాంపౌండరు నోరు మూసి డాక్టరు మాట వింటుంది. కనకరత్నం దగ్గరికి వెళ్ళాను.

"వదినగారూ, పాపకి వచ్చింది కష్టమే, కాదనను" అన్నాడు. "కానీ ఒక్క పేజీ తప్పంటే, ఇక్కడ పుట్టిన నూట అరవై ఒక్కమందివీ తప్పని అర్థం. జనం భయపడి దగ్గు మందు కూడా మింగరు. ఓడ రావడానికి ఇంకా ఏడాది ఉంది. ఈ ఒక్క కేసు వరకూ ఏదో సర్దుదాం, రెండ్రోజులు ఆగండి."

"రెండ్రోజులు నేనాగుతాను కనకరత్నం. చర్మం ఆగదు. ఆ మాత్రే మింగుతున్న పిల్లలు తెప్పలో ఇంకో ఇద్దరున్నారు."

"పేజీలన్నీ అబద్ధం అయిపోతాయండీ."

"అయిపోవు. అయి ఉన్నాయి. నువ్వు చెప్పినా చెప్పకపోయినా."

"ఆర్డరు మీదే కదా. మీ పేరు కూడా పోతుంది."

"నా పేరు పోతే ఇంకోటి పెట్టుకుంటాను. పిల్లకి కళ్ళు రెండే ఉన్నాయి. సభకి గంట కొట్టించు."


222వ రోజు

తూకం హాల్లో సభ. పులుపు డ్యూటీ వాళ్ళు బకెట్లతోనే వచ్చేశారు. బల్ల ఎక్కి నిలబడ్డాను, తూకం నలభై ఎనిమిదిన్నర చూపించింది, ఎవరో వెనకనించి "అరకిలో తగ్గారండీ" అన్నారు. మనవాళ్ళు ఎక్కడున్నా మనవాళ్ళే.

పొడుగ్గా చెప్పలేదు. మా మనవరాలి చర్మం ఊడుతోంది. కారణం మందు. మందు ఇవ్వొచ్చని చెప్పింది జన్యు పేజీ. ఆ పేజీ మా ఆయనది, పిల్లది కాదు. ఇక్కడ పుట్టినవాళ్ళలో ఎవరి పేజీ ఎవరిదీ కాదు. అలా ఉండేట్టు ఆర్డరు రాసింది నేను. నలభై నాలుగేళ్ళు నాకు తట్టలేదు. అంతే.

ఒక్కసారే అందరూ అరవడం మొదలుపెట్టారు.

"మీరు చదువుతుంటే చప్పట్లు కొట్టాం మేం!" అని ప్రసాదరావు లేచాడు. "మావాడి పేజీకి కొట్టలేదు, పాపం అని ఊరుకున్నారంతా. వాళ్ళమ్మ వారం రోజులు ఏడ్చింది."

"నేనూ కొట్టాను ప్రసాదరావ్. గట్టిగా కొట్టాను. మీవాడికి ఆ ఎర్ర రాత అక్కర్లేదేమో కూడా, ఎస్తేరమ్మకీ మీకూ చుట్టరికమే లేదు. కానీ అదీ తెలియదు. ఇప్పుడు మన దగ్గర ఉన్న నిజమైన సమాచారం అది ఒక్కటే, తెలియదు అని."

ముందు వరసలోంచి నీలవేణి లేచింది. ఆమె కొడుకు తొమ్మిదేళ్ళవాడు, ఆ మాత్రే నాలుగు రోజులుగా మింగుతున్నాడు. "మా వాడికి ఇప్పుడే ఆపెయ్యాలాండీ? ఆపితే ఫిట్స్ వస్తాయన్నారు కదా?"

"మీ అమ్మ పేరేమిటమ్మా?"

"రంగనాయకి."

"మీ ఆయన వైపు?"

ఆమె చెబుతుంటే నేను మొదటి ఓడ దాకా నడిచాను. నలభై నాలుగేళ్ళు పుట్టుకలూ చావులూ రాసిన బుర్రకి ఇదొక్కటే చేతనవును. ఆ పిల్లాడి రెండు వైపుల అవ్వాతాతలు నలుగురిలో ఇద్దరి పేజీలే నిజంగా వాళ్ళవి, ఇద్దరివీ శుభ్రంగా ఉన్నాయి. తక్కిన ఇద్దరూ పోయినవాళ్ళ నంబర్ల మీద, పరీక్ష లేకుండా తర్వాతి ఓడల్లో వచ్చినవాళ్ళు, ఇప్పుడు లేరు.

"ఎస్తేరమ్మ దారి కాదు. కానీ రెండు దార్లు చీకటి. తెలియనప్పుడు ఆ మందు వద్దు. ఊరికే ఆపొద్దు, వేరే కుటుంబం మందు మొదలుపెట్టి ఆపాలి. ఎలాగో ఫిరోజ్ చెబుతాడు."

ఫిరోజ్ లేచి చెప్పాడు, తడబడకుండా. జ్వరం, కళ్ళు ఎరుపు, నోట్లో పుళ్ళు, ముట్టుకుంటే నొప్పి పుట్టే మచ్చలు, కొత్త మందు మొదలెట్టిన రెండు నెలల లోపు ఇందులో ఏది కనపడినా కాంపౌండరు దగ్గరికి కాదు, నా దగ్గరికి రండి, అన్నాడు. మందులన్నీ మానెయ్యకండి, నూటికి తొంభై తొమ్మిది మందులకి ఈ గొడవ లేదు, నన్ను అడిగి వేసుకోండి, అని కూడా అన్నాడు. కనకరత్నం భయపడ్డ భయం అక్కడితో సగం తగ్గింది. మనిషి ఎదురుగా నిలబడి చెబితే జనం వింటారు.

ఓటు వేశారు. ముప్పై ఒకటో ఆర్డరు రద్దు. పేజీలు చెల్లవు. కాంపౌండరు డాక్టరు చెప్పినట్టు వినాలి. వెనక నుంచి ప్రసాదరావే మళ్ళీ లేచి, "నూట అరవై ఒక్క ఫైళ్ళూ ఆవిడే కూర్చుని కొత్తగా రాయాలి. రిటైర్‌మెంటు రద్దు" అన్నాడు. దానికి మాత్రం ఒక్క చెయ్యీ దిగలేదు.

కాలిన గాయాల గది తలుపు పదకొండింటికి తెరుచుకుంది.


225వ రోజు

ఛాతీ, వీపు పైభాగం, చేతులు, మొహం. ఒంట్లో ఆరోవంతు ఊడిందని ఫిరోజ్ లెక్క. ఆపిన మందు ఒంట్లోంచి పోయేదాకా ఊడుతుందట, తర్వాత ఆగుతుందట. ట్యూబులోంచి గంజి. గంటకోసారి కళ్ళు ఉప్పునీళ్ళతో కడిగి, రెప్పలు లోపల అతుక్కోకుండా గాజు పుల్లతో విడదీసి, మందు నూనె వెయ్యాలి. ఆ పని నాది. హిమజ చెయ్యలేదు, చేతులు వణుకుతాయి. తల్లి చేతులు వణకాలి, తప్పు లేదు. అమ్మమ్మ చేతులు వణికితే పని నడవదు.

"రాక్షసి అమ్మమ్మా" అంటోంది ప్రతిసారీ.

"అవును. కన్ను తెరువు."

శామ్యూల్ షిఫ్టు దిగి వచ్చాడు. గాజు తలుపు అవతల నిలబడి ఎంతసేపయినా లోపలికి రాడు. నేనే బయటికి వెళ్ళాను.

"మా అమ్మ వల్లనా అత్తయ్యా?" అన్నాడు.

"మీ అమ్మ ఇచ్చింది ఒక గుణం. ఈ మందు జోలికి పోకపోతే అది నూరేళ్ళయినా నోరెత్తదు. మీ అమ్మ డెబ్బై ఏళ్ళు బతికింది దానితో, ఏ బాధా లేకుండా. మాత్ర ఇచ్చింది మేం. ఏడవాలంటే లోపలికొచ్చి ఏడువు, పిల్ల నిన్ను అడుగుతోంది. చేతులు కడుక్కో ముందు."

వచ్చాడు. పిల్ల వాళ్ళ నాన్న గొంతు విని మొదటిసారి నవ్వబోయి, పెదవులు పగిలి, ఏడ్చింది. ఆ తర్వాత ముగ్గురూ నన్ను వదిలేసి ఏడ్చుకున్నారు. నేను గాజు పుల్లలు ఉడకబెట్టాను.


229వ రోజు

కొత్త మచ్చ లేదు. నిన్న కూడా లేదు. జ్వరం దిగుతోంది. ఫిట్స్ రాలేదు. నీలవేణి కొడుకూ, ఆ మాత్ర మింగే ఇంకో పిల్లా కూడా బాగున్నారు, ఇద్దరి మందూ మారింది.

ఫిరోజ్ ఇక్కడే కుర్చీలో నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని. డాక్టరంటే ఇలా ఉండాలి.


233వ రోజు

కట్లు విప్పాం. కింద కొత్త చర్మం, గులాబి రంగులో, పల్చగా, మెరుస్తూ. మచ్చలు చాలాకాలం ఉంటాయట. ఉండనీ.

కళ్ళ సంగతి ఇవాళ తేలాలి. నేను ఈ పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా నిర్మల పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఫిరోజ్ దీపం తగ్గించి రెప్పలు తెరిచాడు. పిల్ల కళ్ళు చికిలించి అటూ ఇటూ తిప్పింది.

"ఏం కనపడుతోంది?" అన్నాను.

"ముక్కు."

"ఎవరి ముక్కు?"

"ఇంత పెద్దది ఇంకెవరికుంది?"

హిమజ శామ్యూల్‌ని పిలవడానికి పరిగెత్తింది. ఫిరోజ్ దీపం చేతిలో పట్టుకుని దాన్ని ఆర్పడం మర్చిపోయాడు. నేను మాత్రం, పెద్దవాళ్ళతో అలా మాట్లాడొచ్చా అని పిల్లని గట్టిగా కోప్పడ్డాను. అది నా బాధ్యత.


238వ రోజు

భూమి సూర్యుడి వెనకనించి బయటికొచ్చింది. మనం పంపిన కబురుకి జవాబు వచ్చింది. ఆరు లైన్లు. మందు వెంటనే ఆపండి. ఆ కుటుంబం మందులేవీ వద్దు. కాలిన గాయాల గదికి మార్చండి. కళ్ళు జాగ్రత్త. రోగి తల్లిదండ్రుల వైపు వాళ్ళని విచారించండి. వచ్చే ఓడలో కిట్లు పంపుతాం.

ఫిరోజ్ ఆ కాగితం ముద్రించి మూడుసార్లు చదివాడు. "అన్నీ మనం చేసినవే అండీ" అన్నాడు, ఇంత మొహం చేసుకుని.

"మరే. మన తెలివి మనకే పదిహేడు రోజులు ఆలస్యంగా పంపారు. థాంక్స్ చెప్పు, మర్యాదగా ఉంటుంది."


241వ రోజు

రిజిస్ట్రారు బల్ల దగ్గర మళ్ళీ కూర్చున్నాను. కనకరత్నం కొత్త గళ్ళు గీయించి తెచ్చాడు. జన్యు పేజీలో ఇప్పుడు మూడు గళ్ళు. ఉంది, లేదు, తెలియదు. కిట్లు వచ్చేదాకా అందరిదీ మూడో గడే.

కొత్త ఫైలు తెరవాలంటే పాతది మూయాలి. మూయాలంటే అందులో చివరి పేజీ నింపాలి. యాభై రెండేళ్ళలో ఈ తెప్ప మీద ఎవరికీ ఆ పేజీ నింపలేదు, నా ఆర్డరు పుణ్యమా అని. కాంపౌండరు లెక్కలో ఇక్కడ ఇంతవరకూ ఎవరూ చనిపోలేదు.

ఎనభై ఎనిమిదితో మొదలుపెట్టాను. వేరే ఎవరితో మొదలుపెట్టినా మర్యాదగా ఉండదు. భాను పక్కన స్టూలు మీద కూర్చుంది, మొహం మీద గులాబి మచ్చలతో, కొత్త చర్మం గీరుకోకుండా చేతులు తొడల కింద పెట్టుకుని.

పేరు: భానుమూర్తి. వృత్తి: గాలి సంచుల కుట్టుపని. పుట్టిన తేదీ రాశాను. తర్వాతి గడి దగ్గర కొంచెం ఆగాను, కలం సరిగ్గా పారడం లేదు. పోయిన తేదీ రాశాను. సంతకం చేశాను. ఫైలు మూశాను.

తర్వాత కొత్తది తెరిచాను. పేరు: భాను. బరువు: పదహారున్నర. జన్యువు: తెలియదు. పడని మందులు గడిలో మొదటి లైను నేనే రాశాను, ఎర్రగా, మిషన్‌కి కూడా అర్థమయ్యేంత పెద్ద అక్షరాలతో.

భాను మూసిన ఫైలు అట్ట మీద పేరు కూడబలుక్కుని చదివింది.

"తాతయ్య చచ్చిపోయాడా అమ్మమ్మా?"

"ఏడేళ్ళయింది."

"మరి నువ్విప్పుడెందుకు ఏడుస్తున్నావ్?"

"ఆఫీసు పని. ఆలస్యమైంది" అన్నాను. "తొంభై ఎనిమిది తియ్యి. ఇంకా నూట అరవై ఉన్నాయి."